కొరియన్ మేనేజరు, ఇంటర్‌ప్రిటరు, మీ పీహెచ్‌డీ

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 32 ఏళ్ళు. అనంతపురంలో ఎంబీఏ చేసి, పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కొరియా కంపెనీలో పర్చేజ్ విభాగంలో పనిచేస్తున్నాను. పోయినేడాది యూజీసీ నెట్ రాస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చింది కానీ జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్) రాలేదు. బహుళజాతి కంపెనీల మీద పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ కావాలని నా కోరిక. ‘భారత ఆర్థిక వ్యవస్థపై విదేశీ ప్రత్యక్ష పెట్టుబడుల ప్రభావం’ అని టాపిక్ కూడా అనుకున్నాను. మావారు ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, జీతం అంతంతమాత్రం. పాప రెండో తరగతి. మా బావగారేమో ‘అమెరికా సుంకాలతో ప్రపంచీకరణే అయిపోయింది, ఇప్పుడా సబ్జెక్టు ఎవరికి కావాలి’ అంటున్నారు. నాది తెలుగు మీడియం ఇంగ్లిష్, అదొక భయం. ఇక్కడ ఉద్యోగంలోనూ టెన్షనే. మీటింగులో కొరియన్ మేనేజరు పది నిమిషాలు మాట్లాడితే ఇంటర్‌ప్రిటరు రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. మా జీఎం గారి మాటకన్నా అతని మాటకే విలువ. ఇదంతా వదిలేసి వెళ్ళిపోవాలనిపిస్తోంది. వదిలేయనా? కొరియన్ భాష నేర్చుకుంటే ఏమైనా ఉపయోగముంటుందా?
– ఒక పాఠకురాలు, హిందూపురం

సమాధానం: ముందు మీ బావగారి అనుమానం. ఊరికే కొట్టిపారేయాల్సిన మాటేం కాదది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ ఎలా ఉంటుందో మన రొయ్యల రైతులను అడిగితే చెబుతారు. అయితే సుంకాలు పెరిగినంత మాత్రాన కంపెనీలు దేశాలు దాటడం మానేయవు. సరుకు దాటలేని చోట ఫ్యాక్టరీయే దాటుతుంది. బయట పూర్తిగా తయారైన కారును మన దేశంలోకి తేవాలంటే కట్టాల్సిన సుంకం ఎంత ఎక్కువో మీకు తెలుసు. అది అంత లేకపోతే 2017లో కియా అనంతపురం జిల్లాలో 110 కోట్ల డాలర్ల ఫ్యాక్టరీకి ఒప్పందం చేసుకునేదా, దాని వెనకాలే మీ కంపెనీ లాంటి సప్లయర్లు పెనుకొండకు వచ్చేవారా? బావగారిని ఒకసారి అడిగి చూడండి.

అసలు ఈ రంగంలో మంచి పరిశోధన ఎక్కువగా గొడవల కాలంలోనే వచ్చింది. రేమండ్ వెర్నన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1965లో హార్వర్డ్‌లో బహుళజాతి కంపెనీల మీద పెద్ద ప్రాజెక్టు ఒకటి మొదలుపెట్టారు. గనిలోనో చమురు బావిలోనో డబ్బు పెట్టకముందు బేరం కంపెనీ చేతిలో ఉంటుందనీ, డబ్బంతా భూమిలో పోసేశాక ప్రభుత్వం చేతికి వస్తుందనీ ఆయన చెప్పారు. 1970ల్లో చమురు దేశాలు ఒక్కొక్కటే కంపెనీలను జాతీయం చేస్తుంటే ఆ మాటకు విలువ పెరిగింది. మన దగ్గర 1973 ఫెరా (విదేశీ మారకం నియంత్రణ) చట్టం చాలా విదేశీ కంపెనీల వాటాను 40 శాతానికి దించమంది. 1977లో కోకాకోలా, 1978లో ఐబీఎం వెళ్ళిపోయాయి. హిందుస్థాన్ లీవర్ మాత్రం నిబంధనలకు తగ్గట్టు మారి నిలబడింది. ఒకే చట్టానికి ఇన్ని రకాల జవాబులు ఎందుకొచ్చాయన్నది ఇప్పటికీ మంచి ప్రశ్నే. మనవాళ్ళు బయటికి వెళ్ళినప్పుడూ అదే కథ. జీఎంఆర్ 2010లో మాల్దీవుల్లోని మాలే విమానాశ్రయం కాంట్రాక్టు తీసుకుంటే, ప్రభుత్వం మారాక 2012లో రద్దు చేశారు. నాలుగేళ్ళ తర్వాత ఆర్బిట్రేషన్‌లో 27 కోట్ల డాలర్ల పరిహారం తేలింది. కాబట్టి సబ్జెక్టుకు పని లేకుండా పోతుందన్న బెంగ పెట్టుకోకండి.

ఇక మీ టాపిక్. నిర్మొహమాటంగా చెబుతున్నాను, మానేయండి. తెలుగు రాష్ట్రాల్లో ఏ యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళినా, కొంచెం అటూ ఇటూగా ఆ పేరుతోనే నల్ల అట్టల థీసిస్‌లు వరసగా కనిపిస్తాయి. రిజర్వు బ్యాంకు పట్టికలు తీసుకుని, ఒక రిగ్రెషన్ (అంకెల మధ్య సంబంధం వెతికే గణాంక పద్ధతి) నడిపి, చివర్లో ‘పెట్టుబడులను ప్రోత్సహించాలి’ అని రాసేస్తే పని అయిపోతుంది. డిగ్రీ వస్తుంది. ఆ తర్వాత ఆ థీసిస్‌ను రాసినవాళ్ళే తెరవరు. అంత పెద్ద ప్రశ్నకు నమ్మదగ్గ జవాబు రాబట్టడం ఆరితేరిన ఆర్థికవేత్తలకే కష్టం. పైగా అందులో మీరు మాత్రమే రాయగలిగింది ఒక్క పేజీ కూడా ఉండదు. దీనికి చెల్లెలు ఇంకొకటుంది, దేశాల సంస్కృతులను అంకెల్లో కొలిచిన హాఫ్‌స్టెడ్ స్కోర్లతో ప్రశ్నావళి పంచడం. హాఫ్‌స్టెడ్ పెద్ద మనిషే, కాదనను. కానీ ఆ అంకెలు 1967–73 మధ్య ఐబీఎం ఉద్యోగులను అడిగి రాబట్టినవి. వాటిని పట్టుకుని ఈ రోజు పెనుకొండలో పనిచేసే మనిషిని కొలిస్తే ఏం తెలుస్తుందో నాకు అర్థం కాదు.

పెద్ద మాట చెప్పాలంటే పెద్ద టాపిక్కే ఎత్తుకోవాలని లేదు. కెనడాకు చెందిన స్టీఫెన్ హైమర్ 1960లో ఎంఐటీలో థీసిస్ సమర్పించాడు. అప్పటిదాకా ఆర్థికవేత్తలు విదేశీ పెట్టుబడి అంటే వడ్డీ తక్కువున్న చోటి నుంచి ఎక్కువున్న చోటికి డబ్బు పారడమే అనుకునేవారు. హైమర్ లెక్కలు చూస్తే అది కుదరలేదు. బయటికి వెళ్ళిన కంపెనీలు తమకు కావలసిన డబ్బులో చాలా భాగం వెళ్ళిన దేశంలోనే అప్పు తెచ్చుకుంటున్నాయి. మరి సరిహద్దు దాటుతున్నదేమిటి? అజమాయిషీ. పరాయి దేశంలో స్థానికుల కంటే తెలియనివి ఎక్కువ ఉన్నా కంపెనీ అక్కడికి వెళ్తోందంటే, ఆ లోటును పూడ్చుకునే బలం ఏదో దాని దగ్గర ఉండాలి, ఆ బలాన్ని ఇంకొకరికి అమ్మకుండా తన చేతిలోనే ఉంచుకోవాలన్న పట్టుదలా ఉండాలి. తర్వాత వచ్చిన సిద్ధాంతాలు, ఇంగ్లండులోని రీడింగ్ యూనివర్సిటీలో బక్లీ, కాసన్, డన్నింగ్ చేసినవాటితో సహా, ఈ చిన్న గమనిక చుట్టూ అల్లినవే. ఆ థీసిస్ పుస్తకంగా వచ్చింది 1976లో. అప్పటికి రెండేళ్ళ ముందే హైమర్ కారు ప్రమాదంలో పోయాడు, నలభై కూడా నిండలేదు.

పరాయితనానికి కంపెనీ నిజంగా మూల్యం చెల్లిస్తుందా అని 1995లో శ్రీలతా జహీర్ అనే పరిశోధకురాలు పరీక్షించి చూశారు. అందుకు దేశాల పట్టికలేవీ ముందేసుకోలేదు. న్యూయార్క్, టోక్యోల్లో బ్యాంకులు విదేశీ మారకం కొని అమ్మే గదులను ఎంచుకున్నారు. అక్కడ స్థానిక బ్యాంకుల గదులతో విదేశీ బ్యాంకుల గదులను పోల్చారు. ఈ రంగంలో ఇప్పటికీ అందరూ ఉదహరించే పేపర్లలో అదొకటి. హైదరాబాద్ వాళ్ళకు ఆ మూల్యం వేరే రూపంలో తెలుసు. డాక్టర్ రెడ్డీస్ 2006లో జర్మనీలోని బీటాఫామ్ అనే మందుల కంపెనీని 48 కోట్ల యూరోలకు కొంది. ఆ వెంటనే అక్కడి ఆరోగ్య బీమా చట్టాలు మారాయి. ఏ కంపెనీ మందు వాడాలో బీమా సంస్థలు టెండర్లు పిలిచి తేల్చడం మొదలైంది, ధరలు పడిపోయాయి, కొన్న విలువలో పెద్ద భాగం పుస్తకాల్లోంచి కొట్టేయాల్సి వచ్చింది. కొనడం ఎంత సులువో, ఆ దేశంలో రోగికీ మందుకూ మధ్య ఎవరెవరుంటారో తెలుసుకోవడం అంత కష్టం.

ఇప్పుడు మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన వాక్యానికి వస్తాను. ఇంటర్‌ప్రిటరు సంగతి. మీరు దాన్ని విసుగుతో రాశారు కానీ, థీసిస్ అక్కడే ఉంది. పది నిమిషాల మాట రెండు ముక్కలైనప్పుడు మధ్యలో పోయిందేమిటి? ఏది చెప్పాలో ఏది ఆపాలో అతనికి ఎవరు చెప్పారు? హోదాలో జీఎం కన్నా ఎన్నో మెట్లు కింద ఉన్న మనిషికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? సప్లయర్‌తో ధర దగ్గర మాట తేడా వస్తే తప్పు ఎవరి ఖాతాలో పడుతుంది? పర్చేజ్‌లో ఉన్నారు కాబట్టి ఈ చివరిది నాకంటే మీకే బాగా తెలియాలి.

ఇది కొత్తగా ఊహించిందేమీ కాదు. ఫిన్లాండు లిఫ్టుల కంపెనీ కోనే మీద మార్షన్-పియెక్కరి, డెనిస్ వెల్చ్, లారెన్స్ వెల్చ్ అనే ముగ్గురు చేసిన పరిశోధన 1999లో వచ్చింది. ఆ కంపెనీ అధికార భాష ఇంగ్లిష్. కాగితం మీద ఎవరు ఎవరికి రిపోర్టు చేయాలో గీతలు గీసి ఉన్నాయి. వాస్తవంలో సమాచారం వేరే దారుల్లో నడుస్తోంది. రెండు వైపుల భాషలూ వచ్చినవాళ్ళ దగ్గరికి అందరూ వెళ్తున్నారు, వాళ్ళకు పదవికి మించిన పలుకుబడి వస్తోంది. ఆ పేపరు తర్వాత బహుళజాతి కంపెనీల్లో భాష అన్నది ఒక పరిశోధన శాఖగానే ఎదిగింది. యూరప్, జపాన్ కంపెనీల మీద చాలా వచ్చాయి. కొరియన్, ఇంగ్లిష్, తెలుగు, తమిళం, కన్నడం అన్నీ కలిసి నడిచే ఒక షాప్ ఫ్లోరు మీద ఆ ప్రశ్న వేసి చూడండి. పెనుకొండ మూడు రాష్ట్రాల మనుషులు వచ్చి పనిచేసే చోటు. అక్కడ ఉద్యోగం చేసినవాళ్ళు పీహెచ్‌డీ దరఖాస్తు పెట్టడం రోజూ జరిగేది కాదు.

అందుకే ‘వదిలేయనా’ అన్న ప్రశ్నకు నా జవాబు: ఇప్పుడే వద్దు. సీటు చేతికొచ్చాక, అదీ అందరితో మంచిగా ఉండి, రాజీనామా చేయండి. బహుళజాతి కంపెనీల పరిశోధనలో అన్నిటికన్నా కష్టం కంపెనీ లోపలికి ప్రవేశం దొరకడం. బయటి పరిశోధకుడు గేటు దగ్గర విజిటింగ్ కార్డు ఇచ్చి నెలలు తిరుగుతాడు. మీ ఫోనులో వాళ్ళ నంబర్లే ఉన్నాయి. కానీ ఒక హెచ్చరిక. ఉద్యోగంలో ఉండగా చూసిన కాగితాలు, ఈమెయిళ్ళు, ధరల పట్టికలు ఒక్కటి కూడా తీసుకెళ్ళకండి. పరిశోధన మొదలయ్యాక యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతితో, ఆ మనుషుల రాతపూర్వక అంగీకారంతో, మళ్ళీ మొదటి నుంచి అడిగి తెలుసుకోవాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. పేర్లు దాచి ‘కంపెనీ ఎ’ అని రాసినా, పెనుకొండ చుట్టూ ఉన్న కొరియా సప్లయర్లు ఎంతమందని? ఒక ప్లాంటులో ఇంటర్‌ప్రిటర్లు ఎందరని? చదివినవాళ్ళు ఇట్టే పోల్చేస్తారు, ఆ కుర్రాడి ఉద్యోగం పోవచ్చు. కాబట్టి చెన్నై దగ్గరి శ్రీపెరంబదూరు వైపు కొరియా కంపెనీలను కూడా కలుపుకుని నాలుగైదు ప్లాంట్లు తీసుకోండి. అప్పుడు పోలికకు పోలికా వస్తుంది, మనుషులకు రక్షణా ఉంటుంది. మీరు అతని మీద ఇప్పుడు కొంచెం కోపంగా ఉన్నారు కదా. ఆ కోపం చల్లారాక అతనితో టీ తాగుతూ ఒక గంట మాట్లాడండి. రెండు వైపులా తిట్లు తినేది అతనేనేమో.

డబ్బు సంగతి చూద్దాం. మళ్ళీ జేఆర్ఎఫ్ రాయండి. మామూలుగా వయసు పరిమితి 30 అయినా మహిళలకు ఐదేళ్ళ సడలింపు ఉంది, మీకింకా సమయం ఉంది. వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000, పైన ఇంటద్దె. మీ ఇప్పటి జీతంతో పోల్చుకుని మీవారూ మీరూ కాగితం మీద లెక్క వేసుకోండి. అది లేకుండా స్టేట్ యూనివర్సిటీలో ఫుల్‌టైమ్ చేరితే ఇల్లు గడవడం కష్టం. 2022 యూజీసీ నిబంధనలు ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయనిస్తాయి, కంపెనీ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వాలి. పనిచేసే కంపెనీ మీదే పరిశోధన చేస్తూ ఆ కంపెనీ దయ మీదే ఉండటం ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి ఆ దారి నాకంతగా నచ్చదు. ఐఐఎంలలో డాక్టరల్ ప్రోగ్రాముకు ఫీజు లేకుండా స్టైపెండ్ ఇస్తారు, శిక్షణ గట్టిగా ఉంటుంది. విశాఖపట్నం ఐఐఎం మీకు దగ్గర కాకపోయినా మన రాష్ట్రంలోనే ఉంది, బెంగళూరు హిందూపురం నుంచి రైల్లో వెళ్ళొచ్చే దూరం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, విదేశీ వాణిజ్యం బోధించే ఐఐఎఫ్‌టీ కూడా చూడండి. బయటికి వెళ్ళగలిగితే స్వీడన్, డెన్మార్క్‌లలో పీహెచ్‌డీ విద్యార్థి అంటే జీతం తీసుకునే ఉద్యోగి. స్వీడన్‌లోని ఉప్సల ఈ సబ్జెక్టుకు పేరున్న చోటు. కంపెనీలు ఒక్కో అడుగే నేర్చుకుంటూ బయటికి వెళ్తాయన్న 1977 నాటి సిద్ధాంతానికి ఆ ఊరి పేరే పెట్టారు. పాపను తీసుకుని అంత దూరం వెళ్ళాలా అన్నది మీ ఇంటి నిర్ణయం, నేను చెప్పను.

ఎక్కడ చేరినా సంస్థ పేరు కన్నా గైడు ముఖ్యం. గూగుల్ స్కాలర్‌లో ఆయనో ఆవిడో గత ఐదేళ్ళలో ఏం రాశారో చూడండి. ఆ పేపర్లలో విద్యార్థుల పేర్లు ఉన్నాయా, ఉంటే ముందున్నాయా చివరున్నాయా చూడండి. ఇద్దరు పాత విద్యార్థులకు ఫోను చేసి ‘డ్రాఫ్టు ఇస్తే ఎన్నాళ్ళకు తిరిగిచ్చేవారు’ అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు చాలు. ఇంటర్నేషనల్ బిజినెస్ అని బోర్డు ఉన్న గైడే కావాలనేమీ లేదు. మన దేశంలో ఆ పేరుతో ఖాళీలు తక్కువ. ఈ పనిచేసేవాళ్ళు ఎక్కువగా స్ట్రాటజీ, హెచ్ఆర్, మార్కెటింగ్ విభాగాల్లో ఉంటారు. రేపు మీరు ఉద్యోగానికి వెళ్ళినా స్ట్రాటజీయో హెచ్ఆరో కూడా బోధించగలనని చూపించాల్సి వస్తుంది.

ఉద్యోగాల మాట దాచకుండా చెప్పాలి. స్టేట్ యూనివర్సిటీల్లో రెగ్యులర్ పోస్టులు ఏళ్ళ తరబడి భర్తీ కావడం లేదు. దాని మీద ఆశ పెట్టుకుని ఇల్లు నడపొద్దు. ప్రైవేటు యూనివర్సిటీలు, మంచి బిజినెస్ స్కూళ్ళు తీసుకుంటున్నాయి, కానీ ఏ జర్నల్లో వేశారని అడుగుతాయి. అందరూ చూసేది బిజినెస్ జర్నళ్ళకు మెట్లు కట్టే ఆస్ట్రేలియావాళ్ళ ఏబీడీసీ జాబితా. 1970 నుంచి వస్తున్న ‘జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ బిజినెస్ స్టడీస్’ అందులో పై మెట్టున ఉంది. దానికి పంపిన పేపర్లలో చాలావాటిని ఎడిటర్ సమీక్షకులకు పంపకుండానే తిరిగి ఇచ్చేస్తాడు. పంపితే రెండు మూడు విడతలు తిరగరాయాలి, రెండేళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు. ఈ ఆలస్యం చూసి డబ్బు కట్టించుకుని వారంలో వేసే జర్నళ్ళవైపు చాలామంది వెళ్తారు. వాట్సాప్‌లో ‘స్కోపస్ (జర్నళ్ళ డేటాబేసు) గ్యారంటీ’ అని మెసేజ్ వస్తే నంబరు బ్లాక్ చేయండి. యూజీసీ మంచి జర్నళ్ళను గుర్తించే తన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేసింది కాబట్టి ఏది మంచిదో తేల్చుకునే బాధ్యత ఇప్పుడు మీదే. అలాంటి చోట వేసిన పేపరు బయోడేటాలో కనబడితే, లేకపోవడం కన్నా ఎక్కువ నష్టం.

వయసు గురించి మీరు అడగలేదు, కానీ ‘32’ అని మొదటే రాశారు. మేనేజ్‌మెంట్ పండితుడు సుమంత్ర ఘోషాల్ ఇండియన్ ఆయిల్‌లో దశాబ్దానికి పైగా పనిచేసి, 1981లో ముప్పై దాటాక ఎంఐటీకి వెళ్ళారు. ఎంఐటీలో ఒకటి, హార్వర్డ్‌లో ఒకటి డాక్టరేట్లు చేశారు. క్రిస్టఫర్ బార్ట్‌లెట్‌తో కలిసి 1989లో ఆయన రాసిన పుస్తకం హెడ్డాఫీసుకూ శాఖలకూ మధ్య సంబంధాన్ని కొత్తగా చూపించింది. మన హైదరాబాద్ ఐఎస్‌బీకి వ్యవస్థాపక డీన్ కూడా ఆయనే. ఇంకో మేనేజ్‌మెంట్ పండితుడు సి.కె. ప్రహ్లాద్ కూడా మద్రాసులో యూనియన్ కార్బైడ్ బ్యాటరీ ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవారే. ఈ సబ్జెక్టులో ఫ్యాక్టరీ అనుభవాన్ని ఆలస్యం కింద లెక్కగట్టరు.

ఇంగ్లిష్ భయానికి మందు రోజూ రాయడమే. రోజూ ఒక పేజీ, పొట్టి వాక్యాల్లో, మీ మీటింగుల్లో ఏం జరిగిందో కాకుండా (అది కంపెనీ సొత్తు) మీరు చదివిన పేపరు ఏం చెప్పిందో రాయండి. ఇంటర్వ్యూలు మాత్రం తెలుగులోనే చేయండి. ఆపరేటర్లు, లైన్ లీడర్లు ఇంగ్లిష్‌లో మీకు చెప్పేది ఆడిట్‌కు వచ్చినవాళ్ళకు చెప్పేదే. తెలుగులో అయితే ‘అక్కా, అసలు సంగతి ఏంటంటే’ అని మొదలవుతుంది. తెలుగు మీడియం ఇక్కడ మీకు పెట్టుబడి.

కొరియన్ నేర్చుకోండి. అక్షరాలు వారం పది రోజుల్లో వచ్చేస్తాయి. మీటింగులో మాట అందుకోవడానికి మాత్రం రెండు మూడేళ్ళు పడుతుంది, అదీ రోజూ కూర్చుంటే. కొరియన్ భాష ఎంత వచ్చో కొలిచే టోపిక్ (TOPIK) పరీక్షలో మధ్య స్థాయి దాటితే గైడుకు చూపించడానికి ఒక రుజువు ఉంటుంది, పది నిమిషాల్లో ఏది మిగిలిందో ఏది పోయిందో మీ చెవితో మీకే కొంత తెలుస్తుంది. కొరియన్ మేనేజర్లతో ఇంటర్వ్యూలకు మాత్రం వేరే మనిషిని పెట్టుకోవాల్సిందే. ఆ మనిషి మీ కంపెనీ ఇంటర్‌ప్రిటరు కాకుండా చూసుకోండి.